గెజీనె సారీ చెప్పడం మొదలుపెట్టాక

గురువారం ప్రాక్టీసులో గెజీనె "సారీ" అనడం అది మూడోసారి. వీపు మీద ఎవరో చన్నీళ్ళు గుమ్మరించినట్టు వీబ్కె ఉలిక్కిపడింది.

బాడ్మింటన్‌లో జోడీ కట్టిన కొత్తలో ఇద్దరూ పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే: కోర్టులో సారీ లేదు. తప్పు ఎవరిదైనా తిట్టుకోవడమే. ఇద్దరి మధ్యలోంచి షటిల్ జారిపోతే "నీదేనే, గుడ్డిదానా!" అని గెజీనె అరిచేది. "నీదే, బండదానా!" అని వీబ్కె అంతకంటే గట్టిగా అరిచేది. అంపైర్లు మందలించేవాళ్ళు. చూసే జనం నవ్వేవాళ్ళు. తిట్టుకుని తిట్టుకుని జర్మనీ తరఫున ఎక్కడెక్కడో ఆడి వచ్చారు. అలాంటిది, ఇప్పుడు గెజీనె కొట్టిన షటిల్ నెట్‌కి తగిలినా సారీ, వీబ్కె కొట్టింది బయటికి పోయినా సారీ. "కాస్త పక్కకి జరుగుతావా, ప్లీజ్" అని కూడా అంది. ప్లీజట!

జోడీలు విడిపోవడం వీబ్కె చాలాసార్లు చూసింది. మ్యూల్‌హైమ్‌లోని ఈ హాల్లోనే నాలుగైదు చూసింది. ప్రతిదీ మర్యాదతోనే మొదలైంది.

"మళ్ళీ!" అని నెట్ అవతలనుంచి కోచ్ గెర్నోట్ కేక వేశాడు. ఎత్తుగా ఓ షటిల్ లేపాడు.

వీబ్కె నెట్ దగ్గర వంగి నిలబడింది. అది ఆమె చోటు. వెనకనుంచి కొట్టడం గెజీనె పని, అవతలివాళ్ళు తిప్పి పంపినదాన్ని నెట్ మీదే నలిపెయ్యడం వీబ్కె పని. ముందు నిలబడినవాళ్ళు వెనక్కి చూడకూడదు. పదేళ్ళ పిల్లలకు మొదటిరోజే నేర్పే పాఠం అది. వెనక ఏం జరుగుతోందో చెవితోనే తెలుసుకోవాలి. ఆ పాఠాన్ని వీబ్కె అక్టోబరులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి మరిచిపోయింది. ఎందుకు తిరిగిందో ఇప్పటికీ ఆమెకే తెలియదు. తిరిగింది, అంతే. గెజీనె ఎగిరి కొట్టిన స్మాష్ నేరుగా వచ్చి కుడికంట్లో దిగింది.

వాపు తగ్గింది, ఎరుపు పోయింది, నవంబరులో మళ్ళీ ఆట మొదలుపెట్టింది. అందరూ నయమైందనే అనుకున్నారు. ఆ కంటి చూపులో కింది మూల పొగచూరిన గాజులా ఓ మరక ఉండిపోయిందని ఆమె ఎవరికీ చెప్పలేదు. తల కాస్త కుడివైపుకి వంచి నిలబడితే సగం సర్దుకుంటుంది. ఆ వంపు ఎవరి కంటా పడకుండా జుట్టు సరిచేసుకున్నట్టు నటించడం కూడా అలవాటు చేసుకుంది.

వెనక గెజీనె బూట్లు కీచుమన్నాయి. ఎగిరింది. ఆ క్షణంలో వీబ్కె మెడ బిగుసుకుపోయి, భుజాలు వాటంతటవే చెవుల దాకా లేచాయి. కానీ వినిపించిన చప్పుడు స్మాష్‌ది కాదు. గెజీనె కొడితే పుల్ల విరిచినట్టు ఫెళ్ళున మోగేది, అలాంటిది ఇప్పుడు దిండు దులిపినట్టు మెత్తగా వినిపించింది. షటిల్ నెట్ దాటి ఈసురోమని పడింది.

"సారీ," అంది గెజీనె.

ప్రాక్టీసు అయ్యాక గెర్నోట్ బెంచీ మీద కూర్చుని విరిగిన ఈకల షటిళ్ళు ఏరుతూ, "వీబ్కె, ఒక్క నిమిషం," అన్నాడు. గెజీనె అప్పటికే స్నానానికి వెళ్ళిపోయింది.

"నీ దగ్గర దాపరికం ఎందుకు? గెజీనె నన్ను ఒకటి అడిగింది. వసంతంలో జరిగే పోటీలకి మారిట్‌ని జోడీగా ఇమ్మంది."

మారిట్ పక్క కోర్టులో ఆడే అమ్మాయి. మంచి ఆటగత్తె, మంచి పిల్ల. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ లేదు.

"ఎందుకట?"

"చెప్పలేదు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు. ఆదివారం లీగ్ మ్యాచ్ ఉందిగా, మీ ఇద్దరి ఆటా చూస్తాను. చూసి ఆ సాయంత్రమే పేర్లు పంపిస్తాను. అందాకా నువ్వు దాన్ని కదపకు." గెర్నోట్ తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు. "కన్ను బాగానే ఉంది కదా?"

"డేగకన్ను," అంది వీబ్కె. నవ్వింది కూడా.

బయటికి వచ్చి సైకిల్ తాళం తీసింది. గెజీనెకి తెలిసిపోయింది, అనుకుంది. తల వంపు కనిపెట్టింది. భుజాలు లేవడం కనిపెట్టింది. పిరికిదాన్ని, సగం గుడ్డిదాన్ని ముందు నిలబెట్టుకుని ఎవరాడతారు? ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి. ఈ వయసులో జోడీ వదిలేస్తే కొత్తజోడీ ఎవరిస్తారు? సింగిల్స్ ఆడేవాళ్ళు ఓడిపోతే ఓడిపోయారని కనీసం పేపర్లో రాస్తారు. జోడీ వదిలేసిన డబుల్స్ ఆటగత్తె గురించి ఎవరూ ఏమీ రాయరు. భయం వెనకాలే కోపం కూడా వచ్చింది. కొట్టింది తను, వదిలేసేదీ తనేనా? ఇదెక్కడి న్యాయం?

శుక్రవారం మధ్యాహ్నం కంటి డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. డాక్టర్ పొల్మన్ పెద్దావిడ. మాట తక్కువ, చెయ్యి మెత్తన. కంట్లో చుక్కలు వేసి, గడ్డం ఆనించమని, సన్నటి దీపం కంటిలోపలికి వేసి చాలాసేపు చూసింది.

"ఆ మరక ఇక పోదండీ," అంది చివరికి దీపం ఆర్పుతూ. "లోపల మచ్చ కట్టింది. దాని చుట్టూ పొర పలచబడింది. ఇలాగే ఉంటే ఏళ్ళ తరబడి ఇలాగే ఉండొచ్చు. అదేచోట ఇంకో దెబ్బ తగిలితే మాత్రం ఊడి వస్తుంది."

"ఊడి వస్తే?"

"ఆపరేషన్ చేస్తాం. చూపు వస్తుందని మాట ఇవ్వలేను."

"ఆడొచ్చా?"

"ఆపడానికి నేనెవర్ని? ఆటకని పెట్టుకునే గట్టి కళ్ళద్దాలుంటాయి, అవి లేకుండా మాత్రం దిగకండి." ఆవిడ చేతులు కడుక్కుని తుడుచుకుంటూ అడిగింది. "మీతో ఆడే ఆవిడకి చెప్పారా?"

"ఆమెకెందుకు?"

"రాకెట్ ఉన్నది ఆవిడ చేతిలో కదా," అంది డాక్టరు.

ట్రాములో ఇంటికి వస్తుంటే చుక్కల మందుకి లోకమంతా కళ్ళలోకి పొడుచుకొస్తోంది. ఎడమకన్ను చేత్తో మూసుకుని చూసింది. ఎదురు సీట్లో ముసలాయన ఉన్నాడు, ఒళ్ళో సంచీ ఉంది, ఆ సంచీలోంచి తొంగిచూస్తున్న రొట్టె ఉంది. ఆయన ఒక కాలు మాత్రం లేదు. చెయ్యి తీసి చూస్తే కాలు ఉంది. మళ్ళీ మూసింది. మళ్ళీ లేదు. ఆయన తనవంక వింతగా చూస్తున్నాడని గమనించి సిగ్గుపడి తల తిప్పుకుంది. కళ్ళద్దాల దుకాణం ముందు దిగాలి, దిగలేదు. ఆదివారం కళ్ళద్దాలతో కోర్టులోకి అడుగుపెడితే ఇంక గెర్నోట్‌కి చెప్పడానికి ఏం మిగులుతుంది? ఒక్క ఆదివారం గడిచిపోతే చాలు, సోమవారం కొనుక్కోవచ్చు. అలా తనకి తానే సర్దిచెప్పుకుంది.

శనివారం సాయంత్రం ఇంట్లో ఇద్దరే. ఒకే ఇంట్లో చెరో గది తీసుకుని ఉంటున్నారు మరి, తప్పించుకునే దారి లేదు. గెజీనె పొయ్యి దగ్గర ఆకుకూర, సాసేజ్ ఉడికిస్తోంది. వీబ్కె ప్రాక్టీసు షటిళ్ళకి ఆవిరి పట్టిస్తోంది. కెటిల్ మూతి దగ్గర షటిళ్ళ గొట్టం పట్టుకుని కాసేపు ఉంచి తీస్తే ఈకలు మెత్తబడి త్వరగా విరగవు. ఇదివరకు ఆ పని చేస్తూ గెజీనెని ఏదో ఒకటి అనకపోతే వీబ్కెకి తోచేది కాదు. ఇవాళ వంటింట్లో కెటిల్ బుసలు తప్ప మాట లేదు.

ఓ షటిల్ చేజారి అలమర కిందకి దొర్లింది. వీబ్కె వంగి తీసుకుని లేవబోతుంటే గెజీనె ఒక్క గంతులో వచ్చి తెరిచి ఉన్న అలమర తలుపు అంచుకి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. "తల! తల జాగ్రత్త!" అంది.

వీబ్కె నెమ్మదిగా లేచి నిలబడింది. చూశావా, అనుకుంది. గుడ్డివాళ్ళని రోడ్డు దాటించినట్టు చూస్తోంది నన్ను.

"నాకు కనిపిస్తూనే ఉంది," అంది గట్టిగా.

"కనిపించదని నేనన్నానా?"

"మరెందుకు ఆ గంతులు?"

"ఏం లేదు. సారీ." గెజీనె పొయ్యి వైపు తిరిగిపోయింది. "ఆవాల ముద్ద వెయ్యమంటావా, నీ పళ్ళెంలో?"

తొమ్మిదేళ్ళుగా తను ఆవాల ముద్ద లేకుండా సాసేజ్ తినలేదని గెజీనెకి తెలియదా? అంత మర్యాదగా అడగడమేమిటి?

ఆదివారం హాలు నిండింది. నిండిందంటే స్కూలు వ్యాయామశాలలో రెండొందల మంది. చప్పట్లు మోగించే అట్టముక్కలు పట్టుకున్న పెద్దవాళ్ళు, బెంచీల కింద పాకే పిల్లలు, తలుపు పక్కన వాఫల్స్ కాలుస్తూ ప్రతి ఆటగాడినీ పేరు పెట్టి దీవించే ముసలమ్మ ఫ్రావ్ క్లాప్‌డోర్. "ఏమ్మా వీబ్కె, సన్నబడ్డావేం? గెలిచి రా, నీకు రెండు పెడతా!" అని కేకేసింది. వీబ్కె చెయ్యి ఊపింది.

మహిళల డబుల్స్, పదకొండేసి పాయింట్ల గేములు, మూడు గెలిచినవాళ్ళదే మ్యాచ్. మొదటి రెండూ చూస్తుండగానే పోయాయి. గెజీనె ఒక్కటంటే ఒక్క స్మాష్ కొట్టలేదు. ఎత్తుగా, తీరిగ్గా, చేతికందేలా షటిల్ వచ్చినా మెత్తగా కింద పడేసింది. అది చూసి చూసి అవతలి జోడీకి ధైర్యం వచ్చేసింది. ఇద్దరూ ముందుకి జరిగి, వెనక దెబ్బ కొట్టేవాళ్ళే లేనట్టు నిలబడ్డారు. అట్టముక్కల చప్పుడు సన్నగిల్లింది. గెర్నోట్ పక్క కోర్టులో మగవాళ్ళ ఆట దగ్గరున్నాడు కానీ మధ్యమధ్య ఇటే చూస్తున్నాడు.

రెండో గేమ్ అయ్యాక విరామంలో గెజీనె తువ్వాలు మొహం మీద కప్పుకుని కూర్చుంది.

"సారీ," అంది లోపల్నుంచి.

అంతే, వీబ్కె ఓపిక తెగిపోయింది. "నీ సారీ తీసుకెళ్ళి ఆ రూర్ నదిలో పారెయ్యి! రేపట్నించి మారిట్‌తోనే ఆడుకో, నాకు తెలుసు, గెర్నోట్ చెప్పాడు. కానీ ఇవాళ నాతో ఆడి చావవే! ఎందుకు కొట్టట్లేదు? కావాలని ఓడగొట్టి నన్ను పంపించేద్దామనా?"

తువ్వాలు కిందకి జారింది. గెజీనె మొహం పాలిపోయి ఉంది.

"కొట్టలేకపోతున్నానే," అంది.

"భుజమా?"

"నువ్వు." గెజీనె వేళ్ళు చూసుకుంది. "నువ్వు ముందు నిలబడితే నాకు షటిల్ కనిపించదు. నీ జుట్టుముడే కనిపిస్తుంది. అది తిరుగుతుందేమో, ఇప్పుడు తిరుగుతుందేమో అని. రాకెట్ ఎత్తేసరికి వేళ్ళు వదులైపోతాయి. ఆ రోజు నీ చేతి కిందనుంచి నెత్తురు... రాత్రుళ్ళు అదే. మారిట్‌తో అయితే కొడతాను. మారిట్ తలకాయ గురించి నాకేం బెంగ?"

ఇన్నాళ్ళూ వెనకనుంచి వచ్చేదానికి తనొక్కతే వణుకుతోందనుకుంది వీబ్కె. వెనక నిలబడ్డ మనిషి అంతకంటే ఎక్కువ వణుకుతోంది. తనని వదిలించుకోవాలని కాదు, తనని కొట్టకూడదని పోతానంది.

అప్పుడే నిజం చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. చెప్తే ఆట అయిపోయినట్టే. పక్క కోర్టులోంచి గెర్నోట్ చూస్తున్నాడు, అంపైరు గడియారం చూస్తున్నాడు.

"చూడు," అని కుడికన్ను వేలితో వెడల్పుగా తెరిచి చూపించింది. "ఏముంది ఇందులో? అద్దంలా ఉంది. ఏమీ కాలేదు. అర్థమైందా, నాకేమీ కాలేదు. ఇంక నేను తిరిగితే ఒట్టు. కొట్టు."

"నిజంగా?"

"నిజంగా."

గెజీనె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. నెత్తిమీది మూట దించినట్టు ఆమె భుజాలు కిందకి దిగాయి. ఆ దిగడం చూసి వీబ్కెకి ఆనందం కలగలేదు, వెన్నులో జలదరించింది.

మూడో గేమ్ రెండో పాయింటుకి వెనకనుంచి ఫెళ్ళుమని మోగింది. చెవి పక్కనుంచి గాలి కోసుకుపోయింది. షటిల్ అవతల నేలకి కొట్టుకున్నాక గానీ వీబ్కె ఊపిరి వదల్లేదు. జనం ఒక్కసారిగా లేచారు. తరవాత అదే వరస. ఫెళ్ళు, ఫెళ్ళు. గెజీనె చెయ్యి తెరుచుకున్నాక ఆపేవాళ్ళెవరు? అవతలివాళ్ళు వెనక్కి వెనక్కి పోయి గోడకి అతుక్కున్నారు. వీబ్కె నెట్ దగ్గర దొరికినదాన్ని దొరికినట్టు నలిపేసింది. ప్రతి దెబ్బకీ లోపల ప్రాణం పోయి వచ్చింది. నాలుగో గేమ్‌లో కుడిపక్క కిందనుంచి లేచిన షటిల్ ఆ మరకలోంచి ఊడిపడ్డట్టు వచ్చి కంఠం కింద ఎముకకి తగిలింది. అది రావడం ఆమె చూడనే లేదు. ఇంకో జానెడు పైకి అయితే? చెమట తుడుచుకున్నట్టు చేతిలో మొహం దాచుకుని నెట్ దగ్గరికే నడిచింది.

వరసగా మూడు గేములూ గెలిచారు. ఆఖరి పాయింటుకి ముందుది ఇద్దరి మధ్యలోంచి జారిపోయింది గానీ, దాని తరవాతది గెజీనె నేలకేసి కొట్టింది. అట్టముక్కలు హోరెత్తాయి. గెర్నోట్ అటుగా వచ్చి, "సరే. మీరిద్దరే," అని రెండు ముక్కలు అనేసి వెళ్ళిపోయాడు. వీబ్కె కోరుకున్నదంతా ఆ రెండు ముక్కల్లో ఉంది.

గెజీనె ఫ్రావ్ క్లాప్‌డోర్ పెట్టిన వాఫల్స్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మూతికంతా పంచదార పొడి. కళ్ళు మెరుస్తున్నాయి. మోచేత్తో వీబ్కె డొక్కలో పొడిచి, "ఆ మధ్యలోంచి పోయినది నీదేనే, గుడ్డిదానా!" అని హాలంతా వినిపించేలా అరిచింది.

వీబ్కె నవ్వబోయింది. నవ్వు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ మనిషి ఇంకెప్పుడైనా, ఏ ఊళ్ళోనో, ఇలాగే ఉత్సాహంగా ఎగిరి కొడుతుంది. అది తగులుతుంది. పోయేది తన కన్ను. ఆ తరవాత బతుకంతా నిద్రపట్టనిది ఈమెకి.

"నాదే," అంది. "నాకది కనిపించలేదు. కుడిపక్క కింద నాకేమీ కనిపించదు గెజీనె. అక్టోబరునుంచీ."

గెజీనె ముందు నవ్వింది. తరవాత నమలడం ఆపింది.

"ఇందాక చూపించావు కదా?"

"అబద్ధం. ఇంకో దెబ్బ తగిలితే మొత్తం పోతుందంది డాక్టరు."

గెజీనె వాఫల్ పళ్ళేన్ని బెంచీ మీద పెట్టింది. ఒక చెయ్యి వీబ్కె మొహానికి కుడివైపు కిందగా గాల్లో పట్టి, కొంచెం కొంచెంగా జరిపింది. "ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"ఇప్పుడు వేళ్ళు కనిపిస్తున్నాయి."

చెయ్యి కిందకి దిగింది. గెజీనె పెదవులు తెల్లబడ్డాయి. "ఇంతుందా? ఇంత పెట్టుకుని నాచేత కొట్టించావా? మూడు గేములు! నా చేత్తోనే నీ కన్ను తీయిద్దామనుకున్నావా? నేనేం పాపం చేశానే నీకు?" అంటూ ఏడుపూ తిట్లూ కలిపేసింది. అట్టముక్కలు సర్దుకుంటున్న జనం తిరిగి చూశారు. గెజీనె ఆమె మణికట్టు పట్టుకుని బరబరా గెర్నోట్ దగ్గరికి లాక్కెళ్ళింది. "చెప్పు. నువ్వే చెప్పు."

వీబ్కె చెప్పింది. గెర్నోట్ విని నెత్తి గోక్కున్నాడు. "డేగకన్నన్నావు," అన్నాడు, కోపంగా కాదు. ఆ సాయంత్రం పంపిన పేర్లలో గెజీనె పక్కన మారిట్ పేరే ఉంది.

రెండు రోజులు గెజీనె మాట్లాడలేదు. వంటింట్లో ఎదురైతే పక్కనుంచి వెళ్ళిపోయింది. తలుపులు ధనధనా వేసింది. వీబ్కె మంగళవారం కళ్ళద్దాలు కొనుక్కుంది. ఆదివారాలు సరదాకి ఆడే పెద్దవాళ్ళు పెట్టుకునేలాంటివి, వెనక రబ్బరు పట్టీతో. బుధవారం వాటిని పెట్టుకుని హాలుకి వెళ్ళి ఓ మూల కోర్టులో గోడకేసి షటిల్ కొట్టుకుంటూ ఉండిపోయింది. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

మారిట్‌తో ప్రాక్టీసు ముగించుకుని గెజీనె అటు వచ్చింది. చెమటలు కారుతున్నాయి. కళ్ళద్దాల వంక ఓసారి చూసి మొహం చిట్లించింది.

"కప్పలా ఉన్నావు. వెనక్కి పో."

"ఎక్కడికి?"

"కోర్టు వెనక్కి. కొట్టేది ఇకనుంచి నువ్వు. ముందు నేను."

"నాకు స్మాష్ రాదే. తొమ్మిదేళ్ళుగా నెట్ దగ్గరే..."

"నేర్చుకో. వేసవికల్లా నేర్చుకో. గెర్నోట్ చూస్తానన్నాడు, బాగుంటే మళ్ళీ మనిద్దర్నే ఆడిస్తానన్నాడు, బాగోకపోతే నోరు మూసుకోమన్నాడు. వెళ్ళవే!"

గెజీనె నెట్ దగ్గరికి వెళ్ళి వంగి నిలబడింది. ఆ చోటు ఆమెకి కొత్త. మోకాళ్ళు మరీ ఎక్కువ వంచింది. పొడవాటి మనిషి కదా, ఎంత వంగినా తల నెట్ పైకే వచ్చింది. పొట్టిగా కత్తిరించిన జుట్టు కింద మెడ తెల్లగా, ఏ ఆచ్ఛాదనా లేకుండా ఉంది. గెర్నోట్ నెట్ అవతలికి వచ్చి షటిల్ లేపాడు.

షటిల్ దీపాల దాకా పోయి, తిరిగి, నిటారుగా కిందకి దిగుతోంది. వీబ్కె రాకెట్ ఎత్తింది. దిగే షటిల్‌కీ, పోవాల్సిన చోటుకీ సరిగ్గా మధ్యలో ఆ తల ఉంది. అది తిరుగుతుందేమో అనిపించింది. ఇప్పుడే తిరుగుతుందనిపించింది. వేళ్ళు పిడి మీద వాటంతటవే వదులైపోయాయి. షటిల్ భుజం పక్కనుంచి జారి నేలమీద పడింది.

"ఏమైంది?" అంది గెజీనె, అలాగే ముందుకి చూస్తూ.

"ఏం లేదు."

"నాకు తెలుసు ఏమైందో," అంది గెజీనె. "ఇంకోటి వెయ్యి, గెర్నోట్."

ఇంకో షటిల్ లేచింది. గెజీనె రెండు చేతులూ ముందుకి చాపి, భుజాలు దించుకుని, మెడ కదపకుండా నిలబడింది. తనని కొట్టబోయే మనిషికి వీపు అప్పజెప్పి నిలబడటం ఎంత కష్టమో వీబ్కెకి తెలిసినంతగా ఆ హాల్లో ఇంకెవరికీ తెలియదు. పిడి బిగించి పట్టుకుంది. పళ్ళు బిగించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టింది.